లోపల దాచిన గుడ్డ

నా కడుపుమంటకి కారణం ఒక్క మనిషే. మా మరదలు, అంటే నా తమ్ముడి భార్య. వీధిలో అందరూ ఆవిడని పాతకొత్తమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. తిట్టుగా పెట్టాను. ఆ తిట్టునే ఆవిడ రేకు మీద ఎర్రరంగుతో రాయించి గుమ్మం పైన తగిలించుకుంది. మనం విసిరిన రాయిని ఎదుటివాళ్ళు పట్టుకెళ్ళి ఇంటికి మెట్టుగా వేసుకుంటే ఇంకోసారి విసరడానికి చెయ్యెలా వస్తుంది? వస్తుంది. నాకు వస్తూనే ఉంది.

నేను దర్జీని. ఐదో తరగతి మధ్యలో ఉండగా మా నాన్న వచ్చి, "లెక్కల కోసం బడికెందుకురా, టేపు మీద ఉన్నాయి కదా అంకెలన్నీ" అని చెయ్యి పట్టుకుని తెచ్చి మిషను ముందు కూర్చోబెట్టాడు. తమ్ముడికి మాత్రం ఆ టేపు చూపించలేదు. వాణ్ణి కాలేజీ దాకా చదివించాడు. నేను తొక్కిన తొక్కుడుకి వాడు పైకెక్కాడు. ఇప్పుడు వాడో ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే వెళ్ళి, సాయంత్రం దాకా కుర్చీ చల్లారకుండా చూసుకుని వస్తాడు.

నాన్న కట్టిన ఇల్లు రైలుపెట్టెలా ఉంటుంది. వీధివైపు ముందుగది, దాని వెనక వరసగా మిగతా గదులు. నాన్న పోయాక వెనక గదులు అన్నదమ్ములం పంచుకున్నాం. ముందుగది జోలికి పోలేదు. "ముందుగది మిషనుది. తొక్కేవాడిదే గది" అని నాన్న బతికున్నన్నాళ్ళూ వచ్చేపోయేవాళ్ళకి చెప్పేవాడు. తొక్కేది నేను, కాబట్టి గది నాది. అందులో మెలికేమీ లేదు. దీనికి సాక్షి మా మేనత్త. నాన్న చెల్లెలు, మాతోనే ఉంటుంది. కళ్ళకి చత్వారం వచ్చింది గాని నాలుకకి రాలేదు.

కొన్నేళ్ళుగా నా దగ్గరికి జనం రావడం తగ్గింది. ఇప్పటివాళ్ళకి నిలబడి కొలతలిచ్చే ఓపిక లేదు. తమ ఒళ్ళు ఎంతో చొక్కా మెడ వెనక కుట్టిన చిన్న ముక్క చూసి తెలుసుకుంటున్నారు. అయినా నేను దిగజారలేదు. నా దుకాణం గోడమీద పెద్ద అక్షరాలతో ఉంటుంది: "కొత్త బట్టలు మాత్రమే కుట్టబడును. వదులు చేయుట, బిగువు చేయుట, పొట్టి చేయుట లేదు." ఇంకొకడు కుట్టింది నేను విప్పడమంటే ఎంగిలి తినడం. నేను కుట్టింది నేనే విప్పడమంటే కక్కిన కూడు తినడం. రెండూ నా వల్ల కాదు.

అలాగని నేను గుడ్డ దగ్గర పిసినారిని కాదు. నేను కుట్టే ప్రతి కోటులో, ప్రతి ప్యాంటులో, కుట్ల లోపల రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ మడిచి వదులుతాను. మనిషన్నాక ఒళ్ళు చేస్తాడు. ఎప్పుడైనా వదులు చేసుకోవాలంటే లోపల గుడ్డ ఉండాలి. ఇది నాన్న నేర్పిన పద్ధతి. వదలడం ధర్మం, విప్పడం నామోషీ. మా మేనత్త దీన్ని "లోపల దాచి పైకి లేదనడం" అంటుంది. ఆవిడ ఏనాడైనా సూదిలో దారం ఎక్కించిందా?

ఇక మరదలి సంగతి. ఫోనులో ఎవరెవరో పాతబట్టలు కత్తిరించి కొత్తవి చేసే వీడియోలు చూసి, కరెంటుతో నడిచే చిన్న మిషనొకటి కొనుక్కుంది. అది మిషనా? కాఫీపొడి మర మాదిరి గుర్రుమంటుంది. దాన్ని వెనకగదిలో బల్లమీద పెట్టుకుని మొదట నా తమ్ముడి పాత ప్యాంటుని నరికింది. కాళ్ళు కోసేసి, అడుగు మూసేసి, పైన పట్టీ తగిలించి చేతిసంచి చేసింది. ఒకప్పుడు భర్త నడుమున్న చోట ఇప్పుడు కూరగాయలుంటున్నాయి. బరువులో పెద్ద తేడా లేదు.

తర్వాత రెండు పాత చొక్కాలు నిలువునా చీల్చి, ఒకదాని ఎడమ, ఇంకోదాని కుడి కలిపి ఒకే చొక్కా చేసి వేసుకుంది. ఒకవైపు గళ్ళు, ఒకవైపు చారలు. ఆ చొక్కాలో ఆవిడ ఎదురుగా వస్తుంటే ఇద్దరు మనుషులు ఒకే తలకాయ కోసం కొట్టుకుంటున్నట్టుండేది. పైగా ఆ కుట్టు! ఒక్కటి తిన్నగా ఉంటే ఒట్టు. చీమ కల్లు తాగి నడిచిన దారిలా ఉండేది. 

"అదుగో, పాతకొత్తమ్మ వస్తోంది" అన్నాను అప్పుడే, వీధంతా వినేట్టు.

నా భార్య వెనక నుంచి గొణిగింది. "ఎందుకండీ ఆ మాటలు? పారేసేవే కదా, ఏదో చేసుకుంటోంది."

"పారేసేవి పారెయ్యాలి. శవానికి పౌడరు రాసి కుర్చీలో కూర్చోబెడతామా?"

"మీ నోటికో దణ్ణం" అని లోపలికి పోయింది.

శవమే లేచి కూర్చుంది. పక్కింటావిడ కూతురి చిన్నప్పటి గౌను తెచ్చింది, అది దిండు గలేబు అయ్యింది. ఇంకొకావిడ కిటికీ తెర తెచ్చింది, అది గౌను అయ్యింది. గౌను తెర కావడమొకటే మిగిలింది. మూటలు మోసుకుంటూ ఆడవాళ్ళు నా ముందుగదిలోంచే, నా మోకాళ్ళకి తగులుతూ, వెనకగదికి పోయేవాళ్ళు. "కాస్త జరుగుతారా మాస్టారూ" అనేవాళ్ళు. నా దుకాణంలో నేనే అడ్డం.

ఒక మధ్యాహ్నం మరదలు గుమ్మంలో నిలబడింది. చేతిలో టీ గ్లాసు. టీ తెచ్చిందంటేనే నాకు తెలిసిపోయింది, వెనకాల ఏదో ఉందని.

"బావగారూ, వెనకగదిలో పగలే దీపం వెయ్యాల్సొస్తోంది. కళ్ళు లాగేస్తున్నాయి. ముందుగదిలో ఓ మూల నా మిషను పెట్టుకోనా? సగం కూడా వద్దు, ఆ కిటికీ పక్కన చాలు."

"ఇది దర్జీ దుకాణమమ్మా. గుడ్డపేలికల రేవు కాదు."

"మీరు కుడుతున్నప్పుడు నేను ఆపేస్తాలెండి."

ఆ మాట చూశారా? ఎంత మర్యాదగా పొడిచిందో! నేను కుట్టడం లేదని ఊరికే చెప్పలేదు, టీతో కలిపి చెప్పింది. కుదరదన్నాను. టీ మాత్రం తాగాను.

సాయంత్రం తమ్ముడు వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక నాతో ఒక్క మాటా తిన్నగా నిలబడి మాట్లాడలేదు, ఎప్పుడూ దేనికో ఆనుకునే.

"అన్నయ్యా, నాన్న మాటే మాట అంటావు కదా. తొక్కేవాడిదే గది అన్నాడు. మరి ఇప్పుడు ఇంట్లో తిరుగుతున్న మిషను ఏది?"

"మీ ఆవిడది తొక్కుడు మిషను కాదురా. బటన్ నొక్కితే తిరిగేది. నాన్న తొక్కేవాడు అన్నాడు, నొక్కేవాడు అనలేదు."

"కాలితోనే నొక్కుతుంది అన్నయ్యా. కింద పెడలుంటుంది."

చదువుకున్నవాడు కదా, మాట దొరకబుచ్చుకోవడంలో దిట్ట.

మర్నాటి నుంచి నా మిషను తిరిగేట్టు చూసుకున్నాను. చేతిలో పనుంటేనే తిప్పాలని ఎక్కడైనా రాసుందా? వాడకపోతే ఇనుము బిగుసుకుంటుంది, కీళ్ళు పట్టేస్తాయి. అందుకని పొద్దున్న కాసేపు, మధ్యాహ్నం కాసేపు, దారం వేస్ట్ కాకుండా, దారం లేకుండానే తొక్కేవాణ్ణి. చప్పుడు వెనకగదికి బాగా వినపడేది. ఎదురుగా ఇస్త్రీ బడ్డీ ఉంది. ఆ ఇస్త్రీవాడికి పెట్టె వేడెక్కేదాకా పనేం ఉంటుంది, నన్ను చూడ్డమే పని.

"మాస్టారూ, ఎవరికండీ కుడుతున్నారు?" అని అరిచాడు అక్కణ్ణుంచే.

"నీకెందుకు?"

"ఏం లేదు, గుడ్డ కనపడ్డం లేదు. గాలికేమన్నా చొక్కా కుడుతున్నారేమోనని. చేతులు కాస్త పొడుగు పెట్టండి, ఈమధ్య గాలి బాగా వీస్తోంది!"

బడ్డీ దగ్గర నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు వెనకగదికీ వినపడింది. ఆ రోజే మేనత్త కర్ర తాటించుకుంటూ వచ్చి ముందుగది మధ్యలో కుర్చీ వేయించుకుంది. తమ్ముణ్ణీ, మరదల్నీ, నా భార్యనీ పిలిపించింది.

"ఒరేయ్ పెద్దాడా, మీ నాన్న ఆ మాటన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. తొక్కేవాడిదే గది అన్నాడు. ఉత్తినే తొక్కేవాడిది అనలేదు."

"అత్తా, ఆవిడ చేసేది కుట్టుపనా? దర్జీ గుడ్డని బట్ట చేస్తాడు. ఈవిడ బట్టని గుడ్డ చేస్తోంది!"

"బావగారూ" అంది మరదలు, తల దించుకునే. "జనం వేసుకుంటున్నారు కదండీ."

"జనం ఏదైనా వేసుకుంటారు. నేను కుట్టిన బట్ట ఒకటి విప్పి చూడు, తెలుస్తుంది. నా కుట్టు విప్పాలంటే గుడ్డ చిరగాలి. చిరక్కుండా విప్పి, దాంతో ఏదైనా చేసి, అది వేసుకుని వీధిలోకెళితే ఒక్కళ్ళు, ఒకే ఒక్కళ్ళు ఆపి 'ఎవరు కుట్టారమ్మా ఇది' అని అడిగారనుకో, ఈ గది నీది. అడగలేదా, ఆ కాఫీమర అమ్మేసి వంటింట్లో కూర్చో."

మేనత్త వెంటనే, "మాట మీద ఉంటావా?" అంది.

"నేను దర్జీని. కొలిచే మాట్లాడతాను."

తమ్ముడు వెంటనే లోపలికెళ్ళి వాడి పెళ్ళికోటు తెచ్చాడు. నేను కుట్టిందే. నా చేతిలో అంతకంటే మంచి కోటు పుట్టలేదు. ముదురు నీలం. పెళ్ళయిన రెండో ఏటికే వాడికి బిగుతైపోయింది. వదులు చెయ్యమని అడిగాడు. గోడమీద రాసింది చూపించాను. తమ్ముడికొక న్యాయం, ఊరికొక న్యాయం ఉండదు నా దగ్గర. అప్పట్నుంచీ అది పెరటి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ, ఎండకి వెలిసి నీళ్ళు కలిపిన సిరా రంగుకొచ్చింది.

"ఎవరికి కుట్టాలి?" అని అడిగింది మరదలు.

ఇక్కడ నేను తెలివిగా ఎత్తు వేశాననుకున్నాను. "నా భార్యకి కుట్టు" అన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిణ్ణి వీధిలో ఆపి పలకరించిన మనిషి లేడు. గోడ పక్కనుంచి గోడలా నడుస్తుంది. పైగా, "వెళ్ళొచ్చి ఆవిడ ఏం చెబితే అదే తీర్పు" అని కూడా అన్నాను. నా భార్య అబద్ధం చెప్పదని అందరికీ తెలుసు, అందరూ సరేనన్నారు. 

మరదలు కోటు విప్పడం మొదలుపెట్టింది. నేను మంచినీళ్ళ వంకతో వెనకగదికి వెళ్ళి చూస్తూ ఉండేవాణ్ణి. కుట్లు అంత దగ్గరగా ఉన్నాయి మరి, బ్లేడు మొన దూరదు. వేలు కోసుకుంది. నోట్లో పెట్టుకుని చప్పరించింది. నాకు మనసు చల్లబడింది. రెండోనాటికి కూడా కోటుకి ఒక చెయ్యే ఊడింది, అంతే.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆవిడ కోటు వీపు తిరగేసి పట్టుకుని దానివైపే చూస్తోంది.

"బావగారూ, ఇక్కడ ఇంత గుడ్డ మడిచి లోపల ఎందుకు పెట్టారండీ? అవసరం లేదు కదా."

నేను నోరు మూసుకుని నీళ్ళు తాగి వచ్చెయ్యాల్సింది. కాని ఒక్క మాట చెబుతాను. నా కోటు లోపల ఏముందని ఒక్క మనిషైనా అడిగి ఎన్నేళ్ళయ్యిందో! జనం జేబులు ఎన్నని అడుగుతారు, ఎప్పటికిస్తావని అడుగుతారు. లోపల ఏముందని అడగరు. ఈవిడ అడిగింది. నేను గ్లాసు కింద పెట్టి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"అవసరం లేకపోవడమేంటమ్మా! అదే అసలు పనితనం. ఒళ్ళు చేస్తే వదులు చేసుకోవడానికి. వీపు మధ్యలో ఉన్నది చూశావు కదా, పక్క కుట్టుల్లో కూడా ఉంది, విప్పి చూడు. చేతుల కింద ఉంటుంది. అడుగున మడత నాలుగు వేళ్ళు ఉంటుంది. అలా పైనుంచి లాగకు, చిరిగిపోతుంది. ఇదిగో, ఇక్కడ ముడి ఉంటుంది. ప్రతి కుట్టుకీ ముడి ఎడమవైపే పెడతాను. అది తెగ్గొట్టి లాగితే తాడు లాగినట్టు వచ్చేస్తుంది."

లాగి చూపించాను. సర్రుమని వచ్చింది. ఇంటి తాళంచెవి దొంగ చేతిలో పెట్టి, తలుపు కాస్త పైకెత్తి తోస్తే కిర్రుమనదని కూడా చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే ఉంటాను.

కుట్లన్నీ విప్పాక అసలు సంగతి బయటపడింది. పైగుడ్డంతా ఎండకి వెలిసిపోయింది కదా, లోపల మడతల్లో ఉన్న గుడ్డకి ఎండ తగల్లేదు. అది కొన్ననాటి ముదురు నీలంలోనే ఉంది. మరదలు ఆ ముక్కలన్నీ పొడవాటి పట్టీలుగా కత్తిరించింది. వెలిసిన గుడ్డతో నడుము దాకా పొట్టికోటు కుట్టి, మెడ చుట్టూ, చేతుల అంచులకీ, గుండీల వరసకీ ఆ ముదురు పట్టీలు వేసింది. ఒకే తానులోంచి రెండు రంగులు. కుట్టు ఎప్పట్లాగే వంకరే. కాని ఆ పట్టీల మధ్య వంకర కూడా కావాలని వేసినట్టు కనపడింది. అదృష్టవంతులకి తప్పులు కూడా కలిసొస్తాయి.

నా భార్య అది వేసుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది. వెన్ను నిటారుగా ఉంది. అది భుజాలు నిలబడ్డానికి నేను లోపల వేసిన కాన్వాసు పుణ్యం, మరదలు దాన్ని విప్పలేదు.

"ఎలా ఉందండీ?" అని అడిగింది.

"బజారుకెళ్ళి కూరలు తీసుకుని రా" అన్నాను.

ఆవిడ బయల్దేరింది. నేను కూడా కాస్త వెనకగా బయల్దేరాను. నమ్మకం లేక కాదు, కళ్ళతో చూడాలని. గోడ పక్కనుంచి నడవాల్సిన మనిషి ఆ రోజు వీధి మధ్యలోంచి నడిచింది. అయినా ఎవరూ ఆపలేదు. మందుల షాపువాడు చూసి ఊరుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూశారు, నోరు మాత్రం విప్పలేదు. బేరమాడింది, కూరలు కొంది, తిరుగుముఖం పట్టింది. ఇంకో మలుపు తిరిగితే మా వీధి. నేను పండ్లబండి చాటున నడుస్తూ, కాఫీమర ఎవరికి అమ్మాలా అని ఆలోచిస్తున్నాను.

మలుపులో రిటైరైన హెడ్మాస్టరు ఎదురయ్యాడు. ఒకప్పుడు ఆయన బట్టలన్నీ నేనే కుట్టేవాణ్ణి. ఇప్పుడు రెడీమేడ్ చొక్కాలో, భుజాలు మోచేతుల దాకా జారిపోయి, ఆరేసిన గుడ్డలా నడుస్తున్నాడు. నా భార్యని చూసి ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఏమ్మా, చాలా బాగుందే! ఎవరు కుట్టారమ్మా ఇది?"

నా భార్య ఒక్క క్షణం తడబడింది. తర్వాత తల దించుకుని మెల్లగా, "ఏదో పాతదండీ" అని ముందుకి అడుగేసింది.

ఏదో పాతదా! నా చేతి కోటా ఏదో పాతది! ఆ భుజం ఎవరిది, ఆ కాన్వాసు ఎవరిది, ఎండకి లొంగని ఆ గుడ్డని అన్నేళ్ళు దాచిందెవరు? పండ్లబండి దాటుకుని ఎప్పుడు దూకానో నాకే తెలీదు.

"నేను! నేనే కుట్టాను! ఆ కోటు నాదండీ హెడ్మాస్టరుగారూ!"

నా కేకకి రెండు బత్తాయిలు కిందపడ్డాయి. వీధిలో జనం ఆగిపోయారు. మలుపులోంచి కనపడే బడ్డీలో ఇస్త్రీవాడు పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

హెడ్మాస్టరు నన్ను కింది నుంచి పైకి చూశాడు. "కుట్టు మీదేనని నాకు తెలీదా మాస్టారూ? నా ఒళ్ళు మీ కుట్టులోనే ముసలిదైంది. నేనడిగేది ఈ నాజూకు ఎవరిదని. మీది కాదులెండి. మీరైతే నాకు పాతికేళ్ళు ఒకటే చొక్కా కుట్టారు."

"వాళ్ళ మరదలుగారండీ! పాతకొత్తమ్మగారు!" అని ఇస్త్రీవాడు బడ్డీలోంచి అందించాడు. వాణ్ణి ఎవరడిగారు?

"నా పాత కోట్లు రెండున్నాయి, మా ఆవిడకి కుట్టమని పంపిస్తాను" అని హెడ్మాస్టరు వెళ్ళిపోయాడు.

నా భార్య కూరల సంచి కింద పెట్టి నావైపు చూసింది. ఆ చూపు పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదు. కోపం కూడా కాదు.

"ఎవరూ ఆపలేదని చెబుదామనుకున్నానండీ. నా జన్మలో మొదటి అబద్ధం, మీ గది కోసం. దార్లో నోట్లో వల్లె వేసుకుంటూ కూడా వచ్చాను. మీరే కదండీ..." అని ఆగిపోయి, సంచి ఎత్తుకుంది. "పదండి. మేమొచ్చేలోపు ఆ ఇస్త్రీ అతను చెప్పేసి ఉంటాడు."

చెప్పేశాడు. మేము గుమ్మం ఎక్కేసరికి మేనత్త కుర్చీలో సిద్ధంగా కూర్చుంది. "విన్నానురా పెద్దాడా. నువ్వే అరిచావట కదా. ఇక మీ ఆవిణ్ణి అడగడమెందుకు, దాన్ని పాపం ఇరుకున పెట్టడం!" అంది. తమ్ముడు గోడకి ఆనుకుని నేలచూపులు చూస్తున్నాడు, నవ్వు దాచుకోవడానికి.

మరదలు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, "బావగారూ, మీ మిషను ఇక్కడే ఉండనివ్వండి. కిటికీ పక్కనే. నాకు భుజాలు నిలబెట్టడం రాదు, మీరు చెయ్యండి, నేను పట్టీలు వేసుకుంటాను. ఇద్దరం కలిసి చేద్దాం" అంది.

"విప్పిన బట్ట నేను కుట్టను" అన్నాను.

"అయ్యో, ఆలోచించుకోండి" అంది. ఆలోచించుకోవడానికి ఏముంది? నా మిషనుని నేనూ తమ్ముడూ చెరోవైపు పట్టుకుని వెనకగదికి చేర్చాం. వాడు గుమ్మం దగ్గర ఆయాసపడి, దానికే ఆనుకున్నాడు. ఇప్పుడు పగలే దీపం వేసుకుని కూర్చుంటున్నాను. నా భార్య ఆ పొట్టికోటు వేసుకుని ముందుగదిలో మరదలికి గుండీలు కుడుతోంది. హెడ్మాస్టరు కోట్లు రెండూ వచ్చాయట. రెండూ నేను కుట్టినవే, లోపల గుడ్డ బాగానే వదిలానట.

గది అప్పగించే ముందు మాత్రం నా టేపుతో నేనే కొలిచాను. రేపెవరైనా అడిగితే పోయిందెంతో సరిగ్గా చెప్పాలి కదా. గోడ నుంచి గోడకి పొడవు పదకొండు అడుగులు, వెడల్పు తొమ్మిది. మొత్తం తొంభై తొమ్మిది చదరపు అడుగులు.